టమాటాకు ఎర్ర లైటు

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర లైటు పడితే ఎవరూ ఆగరు. ఆగినట్టు నటిస్తారు. ముందు చక్రం గీత మీద పెట్టి, అటూ ఇటూ చూసి, పక్కవాడు తుమ్మేలోపు జారుకుంటారు. ఆ కూడలిలో తొమ్మిదేళ్లుగా సిగ్నళ్లు బాగుచేస్తున్నవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందరూ అతన్ని సిగ్నలు అనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. దాన్ని అతను కూడా నెలకోసారే చూస్తాడు.

అందుకే ఆ రోజు పొద్దున నిచ్చెన మీంచి కిందికి చూసి, మళ్లీ ఒకసారి చూశాడు.

ఎర్ర బల్బు మార్చాడు. సరిగా వెలుగుతుందో లేదో చూద్దామని దాన్ని అలాగే ఉంచాడు. తర్వాత వైర్లకు టేపు చుట్టడంలో పడి మరిచిపోయాడు. పద్నాలుగు నిమిషాలు గడిచాయి. కార్లు పోయాయి. బస్సులు పోయాయి. ఒక పోలీసాయన కూడా పోయాడు. గీత వెనక ఒక్క స్కూటరు మాత్రం ఉంది. దాని మీద ఒక అమ్మాయి. కాళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి మూడు ట్రేల నారు. ఎండకు ఆమె ముఖం కందిపోయింది. అయినా చక్రం గీత మీదికి రాలేదు.

తొమ్మిదేళ్లలో తన ఎర్ర లైటుకు అంత మర్యాద ఇచ్చినవాళ్లు లేరు.

"ఏవండీ పైనున్నాయనా!" అని అరిచింది. "ఇది ఎప్పటికైనా పచ్చబడుతుందా, నన్ను ఇక్కడే ఇల్లు కట్టుకోమంటారా?"

"మీరు ఇప్పటిదాకా ఆగారా?"

"ఎర్రగా ఉంది కదా మరి!"

"అందరూ పోయారు కదండీ."

"అందరూ పోతే నేనూ పోవాలా? నా నారు వాడిపోతోంది. ముందు ఆ లైటు సంగతి చూడండి."

సిగ్నలు గబగబా దిగాడు. గబగబా దిగేవాళ్లకు చివరి మెట్టు ఎప్పుడూ కనిపించదు. అతను దిగింది రోడ్డు మీదికి కాదు, మూడు ట్రేల మీదికి. నారు రోడ్డంతా పరుచుకుంది. ట్రేలకు గుచ్చిన చీటీలు మూడూ గాలికి లేచి ఒక బస్సు వెంట పోయాయి.

ఆమె ఏమీ అనలేదు. ఒక నిమిషం పాటు. ఆ తర్వాత ఆపలేదు.

"మూడు రకాల చెర్రీ టమాటా! మూడూ కలిపేశారు! ఏది ఏదో మా అత్తయ్యకు ఏం చెప్పను? మీ కళ్లు నిచ్చెన మీదే మిగిలిపోయాయా?"

ఆమె తన అత్తయ్య పెట్టుకున్న మొక్కల దుకాణంలో పనిచేస్తుంది. అత్తయ్యంటే నాన్నకు అక్క, ఆమెను పెంచిన మనిషి. ఈ సంగతులన్నీ సిగ్నలుకు ఆ తిట్ల మధ్యలోనే తెలిశాయి. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని నారు ఏరారు. చివరికి నడుము విరిగిన మొక్క ఒకటి మిగిలింది.

"ఇది మీరు విరగ్గొట్టారు. మీరే బతికించండి," అని అతని చేతిలో పెట్టింది. ఆకును ఒకసారి తిప్పి చూసి, "ఇది మామూలు ఎర్ర చెర్రీయే. ఆకు చూస్తే నాకు తెలిసిపోతుంది," అంది గొప్పగా.

సిగ్నలు రబ్బరు గ్లౌజులు వేసుకున్న రెండు చేతులతో దాన్ని అందుకున్నాడు. అతనికి ఆకు కనిపించలేదు. ఆమె ముక్కు మీద అంటుకున్న మట్టి కనిపించింది.

*

మొక్క మూడో అంతస్తు బాల్కనీకి చేరింది. విరిగినచోట అతను ఇన్సులేషన్ టేపు చుట్టాడు. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే. చిత్రంగా మొక్క బతికింది.

అప్పటినుంచి మూడు రోజులకొకసారి ఏదో ఒక అనుమానం పట్టుకుని దుకాణానికి వెళ్లేవాడు.

"నీళ్లు ఎన్ని సెకన్లు పొయ్యాలండీ?"

"సెకన్లేమిటండీ? వేలు మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటే పొయ్యాలి."

"గ్లౌజుతో పెట్టొచ్చా?"

"మీరు అవి ఎప్పుడైనా తీస్తారా?"

"డ్యూటీ రూలండీ. కరెంటు ఉందో లేదో తెలియనిదాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు."

"టమాటా మొక్కలో కరెంటు ఉంటుందా?"

"లేదని ఎవరైనా రాసిచ్చారా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. నవ్విందో దగ్గిందో అతనికి తెలియలేదు. ఇంటికెళ్లేదాకా ఆలోచించాడు. నవ్వే అయ్యుంటుందని తేల్చుకుని ఆ రాత్రి బాగా నిద్రపోయాడు.

కొమ్మకూ కాండానికీ మధ్య సందులో పిలకలు పుడితే గిల్లెయ్యాలని ఆమె చెప్పింది. గిల్లాడు. కర్ర పాతి కట్టాలంది. సిగ్నలు స్తంభం ముక్క ఒకటి పాతి, దానికి నంబరు వేశాడు. పూలొచ్చాక వేలితో కాండాన్ని మెల్లిగా తట్టమంది. రోజూ పొద్దున సరిగ్గా పన్నెండుసార్లు తట్టాడు. ప్రతిసారీ గ్లౌజు వేసుకునే.

ఒకరోజు సన్నగా చినుకులు పడుతున్నాయి. దుకాణం రేకు కింద ఇద్దరే ఉన్నారు. సిగ్నలు గొంతు సవరించుకున్నాడు.

"మీరు ఎర్ర లైటు దగ్గర ఆగిన తీరు నాకు బాగా నచ్చిందండీ."

"ఊఁ."

"రోజూ అలాగే ఆగితే బాగుంటుందని."

"ఎక్కడ? రోడ్డు మీదా?"

"మా ఇంట్లో."

ఆమె నీళ్ల డబ్బా కింద పెట్టింది. "ప్రేమించానని చెప్పడం ఇలాగేనా?"

"రూలు బుక్కులో వెతికానండీ. పద్ధతి రాయలేదు."

చినుకులు పెద్దవయ్యాయి. రేకు మీద చప్పుడు ఎక్కువై ఆమె గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "చూడండీ! ఆ మొక్కను పండేదాకా చూసుకోండి. మొదటి పండు మీరే కోసి నా చేతిలో పెట్టండి. ఆ రోజు జవాబు చెప్తాను. అంత ఓపిక లేనివాళ్లతో నాకు పని లేదు. పండు లేకుండా అడిగినా నేను నోరు విప్పను. మాటంటే మాటే!"

"మాటంటే మాటేనండీ!" అని అతనూ అరిచాడు. దుకాణం లోపలినుంచి అత్తయ్య, "అక్కడెవరు కొట్టుకుంటున్నారే?" అని అడిగింది.

ఆ సాయంత్రం సిగ్నలు తన డ్యూటీ పుస్తకంలో రాసుకున్నాడు. 'పండు ఎర్రబడుట. వెంటనే జవాబు వచ్చుట.'

*

ఆ ఇంట్లో అతనితోపాటు నాయనమ్మ ఉంటుంది. ఆమెకు చూపు ఆనదు. వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది, అంతే. ఇల్లంతా వేళ్లతో చదువుకుంటూ తిరుగుతుంది. కింది అంతస్తులో అక్క మొగుడు, అంటే బావ, పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో నడుపుతాడు. ఎవరినీ నవ్వనివ్వడు. ఆ అలవాటుతో ఇంట్లో కూడా నవ్వినవాళ్లను చూసి, "గడ్డం కొంచెం దించండి," అంటుంటాడు.

కాయలు గుత్తులుగా వచ్చాయి. గోళీలంత. మొత్తం నలభై ఆరు. సిగ్నలు రోజూ రెండుసార్లు లెక్కపెట్టేవాడు. ఒకరోజు నలభై ఐదు ఉన్నాయి. మర్నాడు నలభై మూడు.

"నాయనమ్మా, మన కాయలు ఎవరైనా కోస్తున్నారా?"

"పచ్చికాయలు ఎవరు కోస్తార్రా? పిచ్చా?"

సబబుగానే ఉంది. మరి ఎవరు? కాకులా, పావురాలా? సిగ్నలు డిపో నుంచి ఒక పాత పరికరం తెచ్చాడు. రోడ్డు కింద పాతి, మీదినుంచి ఎన్ని వాహనాలు పోయాయో లెక్కపెట్టేది. దాన్ని బాల్కనీ గోడ వెంట ఉన్న చాప కింద పరిచి, తను మాత్రం చాప తొక్కకుండా తిరిగాడు. మర్నాడు అది ఒక చీటీ కక్కింది. బావ దాన్ని పైకి చదివాడు.

"ఉదయం ఆరూ ఇరవై. వాహనం ఒకటి. తక్కువ వేగం. రెండు నిమిషాలు ఆగింది. తర్వాత వెనక్కి వెళ్లింది." చీటీ దించాడు. "రివర్స్ గేరున్న దొంగరా బామ్మర్దీ."

"మూడో అంతస్తులోకి వాహనమెలా వస్తుంది బావా?"

"అది నన్నడుగుతావేం? మెషీను నీది."

నాయనమ్మను కూడా అడిగారు. "పొద్దున బాల్కనీలోకి వాహనమేమైనా వచ్చిందా?"

"నేనక్కడే ఉన్నానురా. ఏదీ రాలేదు," అంది. నిజమే చెప్పింది.

మరోపక్క కూడలిలో ప్రశ్న మొదలైంది. రోజూ పొద్దున ఆమె స్కూటరు గీత వెనక ఆగేది. తలెత్తి అడిగేది.

"పండిందా?"

"ఇంకా లేదండీ."

మొదట్లో ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మొక్క అతని చేతికొచ్చిన అరవై ఐదో రోజు ఆమె నవ్వలేదు. "ఈపాటికి రావాలే," అంది. డెబ్బై దాటాక అడిగే గొంతు తగ్గింది. ఎనభయ్యో రోజు పొద్దున అడగకుండా కాసేపు కూర్చుని, చివరికి నెమ్మదిగా చెప్పింది.

"అత్తయ్య దూరంగా ఇంకో ఊళ్లో దుకాణం తెరుస్తోంది. దాన్ని చూసుకోవడానికి నన్ను వెళ్లమంటోంది. వచ్చే ఆదివారం లారీ. ఇక్కడ ఉండిపోతానని చెప్పడానికి నా దగ్గర కారణమేమీ లేదు." ఒకసారి పైకి చూసింది. "శనివారంలోపు పండుతుందా?"

సిగ్నలు నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. "పండిస్తానండీ."

లైటు పచ్చబడింది. ఆమె వెళ్లిపోయింది.

*

వారం రోజులుంది. ఇంట్లో సమావేశం పెట్టారు. సమావేశమంటే సిగ్నలు, బావ, మధ్యలో మొక్క.

"నీకొక మంచి ఉపాయం చెప్తాను," అన్నాడు బావ. "ఒక కాయకు ఫోటో తీస్తాను. కంప్యూటర్లో ఎర్రరంగు కొడతాను. ఆ ఫోటో చూపించు."

"ఆవిడ పండు చేతిలో పెట్టమంది బావా. ఫోటో కాదు. అదీగాక, అబద్ధపు ఎరుపు నాకొద్దు."

"అయితే ఫోటో ఆవిడకు వద్దు. మొక్కకు చూపిద్దాం."

"మొక్కకా?"

"పాపం దానికి మాత్రం ఎర్ర టమాటా ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటినుంచి ఈ బాల్కనీ దాటలేదు. చూసి నేర్చుకుంటుంది."

సిగ్నలు ఆలోచించాడు. వాదించడానికి ఏమీ దొరకలేదు. సాయంత్రానికల్లా తలుపంత ఎర్ర టమాటా ఫోటో ఒకటి మొక్క ఎదురుగా వేలాడింది. బావ దాని పక్కన నిలబడి మొక్కతో, "నిటారుగా. ఇటు చూడు," అన్నాడు.

రెండు రోజులైనా మొక్క నేర్చుకోలేదు. కానీ కొన్ని కాయల అడుగున సన్నటి పసుపు జీర వచ్చింది. సిగ్నలు గుండె ఎగిరింది. పచ్చ. తర్వాత పసుపు. తర్వాత ఎరుపు. తొమ్మిదేళ్లలో ఈ వరుస తప్పిన దీపాన్ని అతను చూడలేదు. ఇంక వచ్చేది ఎరుపే. మర్నాడు చూస్తే పసుపు జీర వచ్చిన కాయలే మాయం. మిగతావి మామూలుగా పచ్చగా ఉన్నాయి.

"వాహనం వాటినే ఏరుకుపోయింది బావా," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు తనకు వచ్చిన విద్య గుర్తొచ్చింది. డిపో మూల నుంచి పాత సిగ్నలు ఎర్ర దీపం ఒకటి తెచ్చి, బాల్కనీలో మొక్క నెత్తిన బిగించాడు. సాయంత్రం కాగానే వేసేవాడు. బాల్కనీ మొత్తం ఎర్రగా మండేది. ఎదుటి మేడవాళ్ల పిల్లి ఆ వెలుగు చూసి గోడ మీదే ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. ఎర్ర లైటును గౌరవించేవాళ్లలో ఆమె తర్వాత ఆ పిల్లే.

గురువారం సాయంత్రం దీపం వేసి కాయల ముందు కూర్చున్నాడు. "ఎర్రబడండమ్మా," అని బతిమాలాడు. "మీకేం పోయింది? నాకు ఆదివారం నుంచి ఆ కూడలిలో పనుంటుంది గానీ, ఆగే మనిషి ఉండదు."

శుక్రవారం పొద్దున స్కూటరు వచ్చింది. లైటు ఎర్రగా ఉంది.

"పండిందా?" గొంతు వేరుగా ఉంది.

"ఇంకా లేదండీ."

ఆమె అతని ముఖం వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బండి గేరు తిప్పి, ఎర్ర లైటు వెలుగుతుండగానే, గీత దాటి వెళ్లిపోయింది.

సిగ్నలు నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. తనకు ఎక్కడ తప్పు జరిగిందో తెలియలేదు. ఏదో పెద్ద తప్పే జరిగిందని మాత్రం తెలిసింది.

*

శనివారం సాయంత్రం తలుపు మీద చప్పుడు. తెరిస్తే ఆమె. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం, దాని మీద కోపం.

"నా మొక్క ఇచ్చెయ్యి."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇంకో రోజైతే సిగ్నలు దానికే పొంగిపోయేవాడు.

"ఎందుకండీ?"

"అబద్ధాలాడే మనిషి దగ్గర నా మొక్క ఉండక్కర్లేదు."

"నేను అబద్ధమాడానా?"

"మొన్న సాయంత్రం మీ వీధిలోంచి వెళ్తూ తలెత్తి చూశాను. గుత్తులు గుత్తులు ఎర్రగా! ఒక్క కాయ పచ్చగా లేదు. నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? మర్నాడు పొద్దున నువ్వే చెప్తావని రాత్రంతా ఎదురుచూశాను. ఏం చెప్పావు? ఇంకా లేదండీ! ఇష్టం తగ్గిపోతే ఆ మాటే చెప్పాలి. పండినదాన్ని పచ్చిదని చెప్పి నన్ను రోజూ తిప్పుతావా?"

ఆమె అతన్ని తోసుకుని బాల్కనీలోకి నడిచింది. అక్కడ బావ ఫోటోను సరిచేస్తున్నాడు. ఎర్ర వెలుగులో కాయలన్నీ నిప్పుకణాల్లా ఉన్నాయి.

"ఇవేమిటి?" అంది చెయ్యి చాచి. "ఇప్పుడు చెప్పు! పండలేదా ఇవి?"

సిగ్నలు వంగి ప్లగ్గు పీకాడు.

ఎరుపంతా ఒక్కసారి పోయింది. సాయంత్రపు వెలుతురులో ఒక పచ్చటి మొక్క, దాని నిండా పచ్చటి కాయలు మిగిలాయి.

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. పైన దీపాన్ని చూసింది. కాయలను చూసింది. మళ్లీ దీపాన్ని చూసింది.

"నువ్వు... టమాటాకు సిగ్నలు పెట్టావా?"

"ఎర్రబడుతుందేమోనని."

"మరి ఈ ఫోటో?"

"అది నా ఐడియానండీ," అన్నాడు బావ వినయంగా. "చూసి నేర్చుకుంటుందని. మంచి కాగితమే వాడాను."

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్లలో నీళ్లొచ్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక ఊరుకుంది.

"అయితే నిజంగానే పండలేదన్నమాట. ఎనభై ఆరు రోజులు. మొక్కలోనే లోపముంది. విరిగినదాన్ని నీకు అంటగట్టాను."

"మొక్కను ఏమీ అనకండి. దాని శక్తికొద్దీ అది కాసింది."

"పండు చేతిలో పడకుండా నోరు విప్పనని మాటిచ్చాను. పొద్దున లారీ ఎక్కుతానని అత్తయ్యకూ మాటిచ్చాను. ఇప్పుడేం చెయ్యమంటావు? నేను గీత దాటే మనిషిని కాను."

"నిన్న దాటారు కదండీ," అన్నాడు సిగ్నలు మెల్లిగా.

"దాటి, వీధి చివర బండి ఆపి ఏడ్చాను."

అప్పుడు చాప కింద 'టింగ్' మంది.

"వాహనం!" అని బావ ఎగిరి పక్కకు దూకాడు.

గుమ్మంలోంచి నాయనమ్మ వచ్చింది. చెయ్యి గోడ మీద, తర్వాత కుర్చీ మీద, తర్వాత మొక్క మీద. వేళ్లు గుత్తి మీద నడిచాయి. ఒక కాయ దగ్గర ఆగి, దాటి, ఇంకో కాయ దగ్గర ఆగాయి. అది చేతిలోకి ఊడొచ్చింది. నోట్లో వేసుకుంది. పరికరం మరో చీటీ కక్కింది. తక్కువ వేగం.

"నాయనమ్మా!" అన్నాడు సిగ్నలు. "వాహనానివి నువ్వా?"

"ఎవర్రా వాహనం? మర్యాదగా మాట్లాడు."

"కాయలు ఎవరూ కొయ్యలేదన్నావుగా!"

"పచ్చివి కొయ్యలేదన్నాను. పచ్చివి నాకెందుకు? పండినవే తింటున్నాను. ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే రాలిపోతున్నాయి పాపం."

"అవి ఎర్రబడందే పండాయని నీకెవరు చెప్పారు?"

"ఎరుపేమిట్రా నాకు? పదేళ్లుగా నాకు ఎరుపూ లేదు, పచ్చా లేదు. వేలితో నొక్కితే తెలియదా? గట్టిగా ఉంటే పచ్చిది. చెవి తమ్మెలాగా మెత్తగా ఉంటే పండినది. ముట్టుకోగానే అదే చేతిలోకి వస్తుంది. కళ్లున్నవాళ్లకు ఇవన్నీ ఎందుకు తెలియవో!"

ఆమె బకెట్టు మీంచి లేచింది. నాయనమ్మ అందించిన కాయను అనుమానంగా చూసి, కొరికింది. రసం గడ్డం మీదికి చిమ్మింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఇంకా పెద్దవయ్యాయి.

"మూడో ట్రే!" అని అరిచింది. "అత్తయ్య కొత్తగా తెప్పించిన రకం! ఇది పండినా పచ్చగానే ఉంటుంది. అడుగున కాస్త పసుపు తిరుగుతుంది, అంతే! అయ్యయ్యో, ఆకు చూసి చెప్తానని గొప్పలు పోయాను. నా తప్పే!"

"అంటే ఇది పండిందా?" అన్నాడు సిగ్నలు.

"నెల క్రితమే పండింది!"

"మొదటిది మాత్రం భలే తియ్యగా ఉందిరా," అంది నాయనమ్మ.

సిగ్నలు గోడకు ఆనుకున్నాడు. "మొదటి పండు తినేశావా నాయనమ్మా? దానికి ఆవిడ జవాబు చెప్పాలి!"

సంగతంతా బావ నాయనమ్మకు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, నోరు తుడుచుకుంది.

"మొదటి పండు నా చేతిలోనే పడింది కాబట్టి జవాబు నేనే చెప్పాలి. నాకు ఇష్టమే. పిల్ల గొంతు బాగుంది."

"అది చెల్లదు నాయనమ్మ గారూ," అంది ఆమె కన్నీళ్లు తుడుచుకుంటూ. "కోసి చేతిలో పెట్టాలన్నాను. మీరు కోసుకున్నారు, అంతే. మీ మనవడు ఇంతవరకూ ఒక్క పండు కోసి ఎవరి చేతిలోనూ పెట్టలేదు. అంటే మొదటి పండు ఇంకా మిగిలే ఉంది." సిగ్నలు వైపు తిరిగింది. "గ్లౌజులు తియ్యి."

"కరెంటు..."

"ప్లగ్గు పీకేశావుగా."

అతను ఒక్కొక్క వేలూ లాగి గ్లౌజులు తీశాడు. రబ్బరులో ఉండి ఉండి చేతులు తెల్లగా, ముడతలు పడి, స్నానం మధ్యలో లేచొచ్చినట్టున్నాయి. ఆమె అతని మణికట్టు పట్టుకుని వేళ్లను గుత్తి మీద పెట్టింది. మొదటి కాయ గట్టిగా ఉంది. రెండోది కూడా. మూడోదాని మీద బొటనవేలు ఆనగానే అది కొంచెం లొంగింది. అతను లాగనే లేదు. అరచేతిలో ఉంది. వెచ్చగా, చిన్నగా, బరువుగా.

ఇన్నాళ్లూ అలాంటివి తన కళ్లముందే వేలాడాయి.

దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసింది.

"ముందు అత్తయ్యతో మాట్లాడాలి," అంది. "జవాబు రేపు పొద్దున, కూడలిలో. లారీ వచ్చే వేళకు."

*

ఆ ఆదివారం అతనికి డ్యూటీ లేదు. అయినా సిగ్నలు కూడలికి వెళ్లాడు. బాగుచెయ్యడానికి ఏమీ లేకపోయినా నిచ్చెన ఎక్కాడు. చేతులకు గ్లౌజులు లేవు. వేడి గిన్నెలు దించడానికి పనికొస్తాయని నాయనమ్మ ఉంచేసుకుంది.

ఎనిమిదింటికి లారీ కనిపించింది. నిండా కుండీలు. నడుపుతున్నది అత్తయ్యే. లైటు పచ్చగా ఉంది. సిగ్నలు కళ్లు చిట్లించి పక్కసీటు చూశాడు. అందులో ఆమె లేదు. ఒక నిమ్మ మొక్క ఉంది. దానికి సీటు బెల్టు పెట్టి ఉంది.

లారీ నెమ్మదించింది. అత్తయ్య తల బయట పెట్టింది.

"ఏం బాబూ! ఆ పచ్చ రకం విత్తనం దాచి నాకు పంపు. కొనుక్కెళ్లినవాళ్లంతా ఎర్రబడలేదని పీకి పారేశారు. చివరిదాకా కాపించింది నువ్వొక్కడివే!"

"అలాగేనండీ! మరి... ఆవిడ?"

"ఈ ఊరి దుకాణం చూసుకుంటానంది. పొద్దున్నే నాతో గంటసేపు పోట్లాడింది. మిగతాది అదే చెప్తుంది. జాగ్రత్తగా దిగు అల్లుడూ, ట్రేలు మళ్లీ నింపలేను!"

లారీ పోయింది. వెనకాలే స్కూటరు వచ్చి, గీత దగ్గర ఆగింది.

"పచ్చగా ఉందండీ!" అని అరిచాడు సిగ్నలు. "వెళ్లొచ్చు!"

"తెలుసు."

"మరి ఆగారేం?"

"జవాబు చెప్పాలి కదా."

వెనక కార్లు హారన్లు మోగించాయి. ఒక బస్సు కూడా కలిసింది. ఒకాయన కిటికీలోంచి, "అమ్మా, పచ్చ పడింది!" అని కేకేశాడు. ఆమె వెనక్కి తిరిగి, "పచ్చగా ఉన్నంత మాత్రాన తొందరపడకూడదండీ. ముందు చూసుకోవాలి," అంది. ఆయనకేమీ అర్థంకాలేదు.

సిగ్నలు ఈసారి ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాడు. చివరి మెట్టు కూడా ఉంది. వచ్చి స్కూటరు పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిలబడు, కదలకు," అంది. చెయ్యి చాచి, అతని చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లిగా నొక్కింది. డాక్టరులా ఒక క్షణం ఆలోచించింది.

"పండింది," అంది. "కోసుకోవచ్చు."

సిగ్నలు చెవులనుంచి మొదలై బుగ్గలు, ముక్కు, మెడ, చివరికి నుదురు దాకా వేడెక్కిపోయింది. ఆమె అతని ముఖం చూసి స్కూటరు మీద ఉండలేనంతగా నవ్వింది.

"నువ్వు మాత్రం," అంది, "ఎర్రబడే రకమే."